శివప్రసాద్ సేటు ఇచ్చిన పూచీ

తొర్రూరు బస్టాండు వెనక సందులో శివప్రసాద్ సేటు టోకు కిరాణా దుకాణం తెలియనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. దుకాణం ఏమంత గొప్పది కాదు. ముందర రెండు మెట్లు, లోపల బస్తాల మీద బస్తాలు, గల్లా దగ్గర ఆయన, వెనక గోదాంలో హమాలీలు. గొప్పదల్లా ఆయన మాట. ఊరికి కొత్తగా వచ్చినవాడికి ఇల్లు కిరాయికి దొరకాలన్నా, పిల్లనిచ్చేవాళ్లు అవతలి ఇంటి గుట్టు తెలుసుకోవాలన్నా ముందు ఆ మెట్లెక్కాల్సిందే. "మంచోళ్లే, నాకెర్కే" అని ఆయన అన్నాడంటే ఇక ఆ పని అయినట్టే. యాభై ఆరేళ్ల వయసుకు ఆయన సంపాదించుకున్న ఆస్తి అదే, ఆయన ప్రాణం కూడా దానిమీదే.

మాటే కాదు, ఆయన ముఖం కూడా మంచిదని బజార్లో పేరు. ఎవరైనా దూరప్రయాణం పెట్టుకుంటే "సేటూ, జర ఎదురు రా" అని పిలిచేవాళ్లు. ఆయన చొక్కా సర్దుకుని, నవ్వుముఖంతో నాలుగడుగులు ఎదురొచ్చేవాడు. పోయినవాళ్లు క్షేమంగా తిరిగొస్తే ఆ మంచి ఈయన ఖాతాలో పడేది. తిరిగిరాని మనిషి విషయం ఎవరి ఖాతాలో పడుతుందో అప్పటిదాకా ఎవరూ ఆలోచించలేదు.

తేడాలు తెలియని మనిషా అంటే కానే కాదు. మిరపకాయ తుంపి ముక్కు దగ్గర పెడితే చాలు, తేజా రకమో చపాటా రకమో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఒక ఇంటిపేరు చెబితే గోత్రం, మేనమామలు, ఏ పెళ్లిలో ఎవరితో ఎవరికి మాటలు ఆగిపోయాయో వరసపెట్టేవాడు. ఉత్తరాది వ్యాపారి ఎవడో తనను మద్రాసీ అన్నాడని హైదరాబాదులో బేరం మధ్యలోనే లేచి వచ్చిన రోషగాడు. ఇన్ని పట్టింపులున్న మనిషికి ఒక్కచోట మాత్రం చూపు ఆనేది కాదు. తెల్లతోలు కనబడితే చాలు, అంతా ఒకే తాను ముక్కలు. ఒకసారి ఇంటిల్లిపాదీ భూపాలపల్లి వైపు గణపురం కోటగుళ్లు చూడబోయారు. అక్కడొక తెల్ల జంట కనబడి తమది పోర్చుగల్ అని చెప్పింది. "గదే, ఇంగ్లండే గద" అంటూ శివప్రసాద్ వాళ్లకు దండం పెట్టాడు. కూతురు వినీత సిగ్గుతో స్తంభం చాటుకు తప్పుకుంది.

ఆ వినీతే తర్వాత డాక్టరు చదువుకు ఉక్రెయిన్ వెళ్లింది. ఖార్కివ్ అనే పట్నం. పంపేటప్పుడు కాగితాలన్నీ శివప్రసాదే చూశాడు, డబ్బూ ఆయనే కట్టాడు. అయినా మర్నాటినుంచి బజారుకు చెప్పింది మాత్రం "మా బిడ్డ రష్యాల డాక్టర్ చదువుతుంది" అనే. మనవైపు అటు దిక్కు చదువంటే ఎప్పటినుంచో రష్యా చదువే. ఫోన్లో వినీత దిద్దేది, ఈయన "సరే సరే" అనేవాడు. సాయంత్రం దుకాణం ముందు కూర్చుంటే మళ్లీ రష్యాయే.

అక్కడ ఆ పిల్ల గలీనా అనే ముసలావిడ ఇంట్లో గది తీసుకుని ఉండేది. భర్త పోయిన మనిషి. సెలవురోజుల్లో వినీతను పట్నం అవతల తన చెల్లెలి పల్లెకు బస్సులో తీసుకుపోయేది, అక్కడ ఇద్దరూ చెర్రీపళ్లు కోసేవాళ్లు. చదువు చివరి ఏళ్లకు వచ్చాక యుద్ధం వచ్చి పడింది. ఆ ఫిబ్రవరిలో రష్యా బాంబులు ఖార్కివ్ మీద పడుతుంటే, గలీనా వినీతను బంగాళాదుంపలు దాచుకునే నేలమాళిగలోకి దింపి, తన కోటు కప్పి, తన రొట్టె పెట్టి కాపాడింది. తొర్రూరులో శివప్రసాద్, భార్య కళ్యాణి టీవీ ముందు నుంచి లేవలేదు. సిగ్నలు దొరికిన ఒక్క పూట వినీత ఫోను కలిపి ముసలావిడకు ఇచ్చింది. మాట రాదు, భాష తెలియదు. శివప్రసాద్ "అమ్మా, అమ్మా" అని ఏడ్చాడు. అవతల ఆవిడా ఏదో అంటూ ఏడ్చింది. తర్వాత ఆవిడే కిక్కిరిసిన స్టేషన్లో జనాన్ని తోసుకుంటూ పోయి పిల్లను రైలెక్కించింది.

వినీత ఇల్లు చేరాక శివప్రసాద్ ఆ కథ చెప్పని మనిషి లేడు. చెప్పిన ప్రతిసారీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, అందులో నటన లేదు. కాకపోతే ఆయన నోట ఆ తల్లి పేరు "రష్యా ముసలమ్మ".

మిగిలిన చదువు ఇంటి నుంచే ముగించి, ఇక్కడి పరీక్ష రెండోసారికి గట్టెక్కి వినీత మహబూబాబాద్ దవాఖానలో హౌస్ సర్జన్‌గా చేరింది. ఆ సంబరంలో శివప్రసాద్ బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. మనవాళ్ల ఫ్లెక్సీల సంగతి తెలిసిందే, డాక్టరైన పిల్ల బొమ్మ కంటే కట్టించిన తండ్రి బొమ్మ పెద్దది. కింద ఎర్రక్షరాలతో "రష్యాలో వైద్యవిద్య పూర్తి చేసుకొని విచ్చేసిన డాక్టర్ వినీతకు స్వాగతం". వినీత బస్సు దిగి దాన్ని చూసింది. సరాసరి దుకాణానికి వచ్చింది.

"నా మీద బాంబులేసినోళ్ల పేరు నా ఫొటో కింద రాపిస్తవా బాపూ?"

"అరే, అన్నదమ్ముల పంచాయితీ బిడ్డా గది. మన దగ్గర దాయాదులు గట్టు కాడ కొట్టుకోరా? రేపు మల్ల ఒక్క బంతిల కూసుంటరు. ఆ ముసలమ్మ గూడ రష్యా మాటనే మాట్లాడ్తదని నువ్వే జెప్పినవ్ గద."

"మాట ఒక్కటైతే మనుషులు ఒక్కటేనా? మనది తెలుగే, విజయవాడోళ్లది తెలుగే. మరి నువ్వు తెలంగాణ కావాలని నడిరోడ్డు మీద పొయ్యి వెట్టి వంట ఎందుకు జేసినవ్? అప్పుడు ఎవలన్న వచ్చి 'మీరంత ఒక్కటే గద' అంటె ఊకున్నవా?"

జవాబు లేనివాళ్లు చేసే పనే శివప్రసాదూ చేశాడు, టీ ఇంకా రాలేదేమని హోటలువాడి మీద అరిచాడు. సాయంత్రానికి ఫ్లెక్సీ దిగింది. తలలో ఉన్నది దిగలేదు.

దిగి ఉంటే సేవ్యా ఇవాళ ఇంట్లో ఉండేవాడు.

సేవ్యా అంటే, శివప్రసాద్ దుకాణంలో ఏళ్ల తరబడి బస్తాలు మోసే హమాలీ ధన్‌సింగ్‌కు తమ్ముడు. తొర్రూరు పక్క తండా వాళ్లది. ముప్పై నిండని మనిషి, భార్య రాజీ, నడక నేర్చుకుంటున్న కూతురు. భూపాలపల్లి బొగ్గుగనుల దగ్గర కాంట్రాక్టరు కింద టిప్పరు తోలేవాడు. కాంట్రాక్టరు మారాడు, కొత్తవాడు తన మనుషుల్ని తెచ్చుకున్నాడు, సేవ్యా ఇంటికొచ్చి కూర్చున్నాడు. అట్లాంటి మనిషికి జనగామలో మిఠాయి దుకాణం పైన ఉన్న ఒక ఆఫీసు సంగతి ఎవరో చెప్పారు. అద్దం తలుపు మీద దేశదేశాల జెండాలు, లోపల చల్లటి గాలి. రష్యాలో గోదాం పని ఇప్పిస్తారట. ఏడాది గడిస్తే అక్కడినుంచి జర్మనీకి మారవచ్చట. "అంత యూరపే, ఇటు నుంచి అటు నడిసిపోవచ్చు" అని అక్కడి ఏజెంటు చెప్పాడు.

ధన్‌సింగ్ తమ్ముణ్ని వెంటబెట్టుకుని సేటు దగ్గరికొచ్చాడు. శివప్రసాద్ ఊరికే నోటిమాట చెప్పి పంపే రకం కాదు. తనే బస్సెక్కి వాళ్లిద్దరితో జనగామ వెళ్లాడు. అదే ఇంకా పెద్ద తప్పయింది.

ఏజెంటు వినయంగా లేచి నిలబడి కుర్చీ వేశాడు. సేవ్యాను నిలబెట్టి ఎత్తు చూశాడు. చూపు బాగుందా, పరుగెత్తగలడా, చిన్నప్పుడేమైనా ఎముక విరిగిందా అని అడిగాడు. ఏం పని వచ్చని మాత్రం అడగలేదు. గోదాంలో బస్తాలు ఎత్తేవాడికి పరుగుతో ఏం పని? ఈ అనుమానం శివప్రసాద్‌కు రాలేదా? వచ్చింది. తడిసిన బస్తాను వాసనతో పట్టి వెనక్కి పంపే మనిషికి ఆ గదిలో తడివాసన తగిలింది. నోరు తెరిచి అడగబోయాడు కూడా. అంతలో ఏజెంటు నవ్వి, "మీకు చెప్పేటంతటోన్నా సేటూ? మీ బిడ్డ ఆడనే గద డాక్టర్ సదివింది. ఆ మనుషుల సంగతి మీకే ఎక్వ ఎర్క" అన్నాడు. పొగడ్త చేదని ఎవరంటారు? శివప్రసాద్ అడగాల్సింది మింగేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు జనగామ బస్టాండులో ధన్‌సింగ్ ఆయన ముందు నిలబడి సూటిగా అడిగాడు.

"సేటూ, ఆడ లడాయి నడుస్తుందంటరు. నాకైతే పానం కొట్టుకుంటుంది. మా తమ్ముడు నాకు కొడుకసొంటోడు. ఆళ్లు మంచోళ్లేనా? నువ్వు చెప్పు. నువ్వు చెప్తె పంపుత, వద్దంటె ఈడ్నే కూలో నాలో జేసుకుంటడు."

వినీతకు ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. మహబూబాబాద్ ఎంత దూరమని? కాని ఆ పిల్ల మళ్లీ ఫ్లెక్సీ నాటి పాఠం మొదలుపెడుతుందని, హమాలీల ముందు పలుచనవుతానని ఆయన వెనకాడాడు. నిజం చెప్పాలంటే కారణం అంతే, ఇంతకంటే పెద్దది లేదు.

"లడాయి ఎక్కడ్నో సరిహద్దుల. నడుమ మనోనికేంది? మా వినీతను ఆ లడాయిలనే రొట్టె పెట్టి, కోటు గప్పి, రైలెక్కిచ్చి పంపిండ్రు. కన్నతల్లి లెక్క జూసుకున్నరు. మంచోళ్లు, ధన్‌సింగూ. నాది పూచీ."

ధన్‌సింగ్ ముఖం తేటపడింది. పక్కన సేవ్యా అప్పుడే జర్మనీ చేరినట్టు నవ్వాడు.

బయలుదేరే రోజు తండా సగం తొర్రూరు బస్టాండులోనే ఉంది. మేకను కోశారు, దేవతకు మొక్కారు. ఇక సేటు ఎదురు రావడమొక్కటే మిగిలింది. శివప్రసాద్ తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు, సేవ్యా ఆయన కాళ్లకు మొక్కాడు. రాజీ మాత్రం చంకలో బిడ్డనెత్తుకుని శివప్రసాద్ ముఖంలోకే చూస్తూ నిలబడింది. దణ్ణం పెట్టలేదు, నవ్వలేదు. ఆ చూపుకు శివప్రసాద్ చేయి ఊరకే గుండీల మీదికి పోయింది.

మొదటి ఫొటోలు బాగానే వచ్చాయి. బంగారు గుమ్మటాల చర్చి ముందు మంచులో సేవ్యా. శివప్రసాద్ వాటిని గల్లా దగ్గరికొచ్చిన ప్రతివాడికీ చూపించాడు. తర్వాత "ట్రైనింగంట" అని కబురు. ఆ తర్వాతి ఫొటోలో సేవ్యా ఒంటిమీద ఆకుపచ్చ బట్టలు, కాళ్లకు లావాటి బూట్లు. అందులో నవ్వు లేదు.

"సెక్యూరిటీ డ్రెస్సు గావచ్చు" అన్నాడు శివప్రసాద్.

"గావచ్చు సేటూ" అన్నాడు ధన్‌సింగ్.

ఆ మాట ఇద్దరూ నమ్మలేదు, ఇద్దరూ బయటపడలేదు. పాస్‌పోర్టు తీసుకున్నారని ఒకసారి, జీతం సంగతి అడిగితే కొట్టారని ఒకసారి తెలిసింది. ఫోన్లు దూరమవుతూ వచ్చాయి. వచ్చినప్పుడు సేవ్యా గొంతు తగ్గించి, ఎవరో వింటున్నట్టు మాట్లాడేవాడు. "గోదాం లేదన్నా. మట్టి తవ్విపిస్తున్నరు. రేపు ముంగటికి తోల్తరంట. ముంగట ఏమున్నదో చెప్తలేరు." ఈ మాట ధన్‌సింగ్ పప్పుబస్తా భుజాన ఉండగానే సేటుకు చెప్పాడు. చెప్పి, బస్తా దించకుండా అట్లాగే నిలబడ్డాడు.

"కొత్తల గట్లనే ఉంటది" అన్నాడు శివప్రసాద్. అని ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద కలిపి వదిలేశాడు. కళ్యాణి ఏమైందని అడిగితే ఎండ అన్నాడు. ఆ వారం జనగామకు పోయి చూసొచ్చాడు. మిఠాయి దుకాణం పైన అద్దం తలుపు మీద జెండాలు అట్లాగే ఉన్నాయి, తలుపుకు తాళం ఉంది. కింద మిఠాయిలవాడు, వాళ్లు ఖాళీ చేసి చాలా రోజులైందని, ఎక్కడికి పోయారో తెలియదని చెప్పాడు. ఆ సంగతి శివప్రసాద్ ధన్‌సింగ్‌కు చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. దగ్గరికొస్తున్నదేదో ఆయనకు తెలుస్తూనే ఉంది. తలుపు వేసుకుంటే రాదన్నట్టు కూర్చున్నాడు.

ఒక ఆదివారం పొద్దున వినీత ఇంటికొచ్చి ఉంది. తండ్రి పూచీ మీద సేవ్యా రష్యా పోయిన సంగతి అతను వెళ్లిపోయాకే ఆమెకు తెలిసింది. ధన్‌సింగ్ చెప్పులు కూడా లేకుండా ఉరికొచ్చాడు. చేతిలో ఫోను, ఫోన్లో సేవ్యా ముఖం. గడ్డం పెరిగింది, కళ్లు లోపలికి పోయాయి.

"అక్కా, జర చెప్పరాదు, ఇది యే ఊరో నాకు తెల్వది. తెలిస్తె ఢిల్లీల సార్లకు చెప్పొచ్చంటున్నరు" అన్నాడు సేవ్యా వినీతను చూసి. అతని భుజం వెనక కూలిపోయిన బస్టాపు గోడ ఒకటి కనిపిస్తోంది. గోడ మీద రంగురంగుల పెంకులతో అతికించిన రెండు కొంగలు, ఒకదానికి తల లేదు.

వినీత ఫోను లాక్కుంది. "సేవ్యన్నా, ఫోన్ జర ఎడమకు తిప్పు." తిప్పాడు. కాలిన చెట్లు, గోడలు మాత్రమే మిగిలిన ఇళ్లు, దూరంగా నీళ్ల ట్యాంకు. అవతల ఎవరో వేరే భాషలో కసిరాడు. ఆ భాష వినీతకు తెలుసు. ఫోను ఆపు, వాళ్లకు మనం ఎక్కడున్నామో తెలిసిపోతుంది అని ఆ కసురు. తెర నల్లబడింది.

వినీత ఫోను ధన్‌సింగ్ చేతిలో పెట్టి తండ్రివైపు తిరిగింది. అరవలేదు. అరిచి ఉంటే శివప్రసాద్‌కు ఎంతో నయంగా ఉండేది.

"గది గలీనమ్మ చెల్లెలి ఊరు బాపూ. ఆ కొంగల బస్టాపుల కూసోని మేం బస్సు కోసం చూసేటోళ్లం. చెర్రీపండ్ల బుట్ట నా ఒళ్లె ఉండేది. నన్ను దాసిపెట్టి బతికిచ్చినోళ్ల ఊరి మీదికి నువ్వు సేవ్యన్నను తోలినవ్."

"నేను... రష్యా అంటె..." అన్నాడు శివప్రసాద్.

ధన్‌సింగ్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "నాకు సమజైతలేదు సేటూ. అమ్మాయిని కాపాడినోళ్లు వేరే, మా తమ్ముణ్ని పట్టుకపోయినోళ్లు వేరేనా?"

"వేరే" అని వినీతే చెప్పింది.

ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎప్పుడూ కూర్చోని ధన్‌సింగ్ గడప మీద కూలబడిపోయాడు. శివప్రసాద్‌కు ఆయన్ని ముట్టుకుని ఓదార్చాలనిపించింది, చేయి లేవలేదు.

రాజీకి ఎవరు చెప్పాలి? వినీత తను వెళ్తానంది. శివప్రసాద్ ఒప్పుకోలేదు. అంతటి భయంలోనూ ఆ మాత్రం మగతనం మిగిలింది ఆయనకు. మధ్యాహ్నం ముగ్గురూ తండాకు పోయారు. మిరపచేలమీద ఎండ నిప్పులా ఉంది. రాజీ ఇంటి ముందు జొన్నలు చెరుగుతోంది. శివప్రసాద్ చెప్పులు విడిచి ఆమె ముందు నేలమీద కూర్చుని ఉన్నదంతా చెప్పాడు, దాచలేదు. ఏజెంటు మీద తోయలేదు. "నాకు తెల్వకపాయె తల్లీ, తెలుసుకోవాలన్న సోయి గూడ లేకపాయె" అన్నాడు.

రాజీ తిడుతుందనుకున్నారు. చేటలో రాళ్లేరుతూనే విన్నది. విని, శివప్రసాద్‌ను దాటి వినీతవైపు చూసింది.

"ఆ ముసలామె నీకు ఫోన్ల మాట్లాడ్తదా?"

"మాట్లాడ్తది."

"ఇప్పుడు కలుపు. ఆ ఊరు ఆమె చెల్లెలిదంటిరి గద. ఆమె ఊరోళ్లకు చెప్పుమను. మా ఆయన కావాలని రాలేదు, మోసపోయి వచ్చిండు, ఎవల్ని కొట్టడు. ఆయన్ని కూడ కొట్టొద్దని చెప్పుమను. ఊరు తెలిసినోళ్లున్నంక ఒక మాట చెప్పుకోరాదా?"

ఆ మాటకు వినీత కళ్లలో నీళ్లు తిరిగాయి. మనవైపు రెండూళ్ల మధ్య గొడవైతే నడిచే మార్గమే అది. ఎవరో ఒక బంధువును పట్టుకుంటారు, ఆ బంధువు ఒక పెద్దమనిషిని పట్టుకుంటాడు, కర్రలు కిందికి దిగుతాయి. అక్కడ పేలేవి కర్రలు కావని రాజీకి ఎట్లా చెప్పడం? వినీత చెప్పలేకపోయింది, ఫోను కలిపింది.

"వినీతోచ్కా!" అన్న ముసలి గొంతు సంతోషంగా వాకిట్లోకి వినిపించింది. కొన్ని మాటల్లోనే ఆ సంతోషం ఆగిపోయింది. వినీత ఆ భాషలో తడబడుతూ చెప్పింది, మధ్యలో సేవ్యా పేరు రెండుసార్లు వచ్చింది. ఆ తర్వాత గలీనా మాట్లాడటం మొదలుపెట్టింది. మెల్లగా, ఎక్కడా ఆగకుండా, చాలాసేపు మాట్లాడింది. రాజీ వినీత పెదవులే చూస్తోంది. ధన్‌సింగ్ ఇంటి నిట్టాడు గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

ఫోను పెట్టేశాక వినీత రాజీతో అంది: "సేవ్యన్న మల్ల ఫోన్ జేస్తే, తుపాకి కింద పడేసి, చేతులెత్తి ఉక్రెయినోళ్ల దిక్కు నడిసి రమ్మన్నది. చేతులెత్తినోళ్లను ఆళ్లు కొట్టరట. అన్నం పెడ్తరట."

"చేతులెత్తుమని చెప్త" అంది రాజీ. ఇంకెవరితోనూ మాట్లాడకుండా లోపలికి పోయి ఫోనును గోడకు చార్జింగు పెట్టి, దాని ముందు కూర్చుంది.

ధన్‌సింగ్ తండాలోనే ఉండిపోయాడు. తండ్రీకూతుళ్లిద్దరూ చేలగట్టున మోటారుసైకిలు దగ్గరికి నడిచారు. శివప్రసాద్ భాష తెలియనివాడే గాని బేరగాడు. అవతలివాడు ఎంత మాట్లాడాడో, మధ్యవర్తి ఎంత చెప్పాడో తూచగలడు.

"ఆమె అంతసేపు మాట్లాడె. నువ్వు జెప్పింది గింతనే. తక్కింది ఏంది బిడ్డా?"

వినీత నడక ఆపలేదు. "ఆమె మనుమడు అదే కాడ సిపాయిగ ఉన్నడట, ఉక్రెయిన్ దిక్కు. సేవ్యన్న కోసం దేవునికి మొక్కుతనన్నది. మనుమనికి మాత్రం ఆగుమని చెప్పనన్నది. ఆగితె మనుమడు సస్తడట."

శివప్రసాద్ రెండడుగులు గబగబా వేసి కూతురి పక్కకు వచ్చాడు. "ఇంక?"

"ఆ పిల్లగాణ్ని అంత దూరం నుంచి ఎవరు పంపిండ్రని అడిగింది."

"నువ్వేం జెప్పినవ్?"

"తెల్వదని చెప్పిన."

అబద్ధమాడని పిల్ల. తనను కడుపులో పెట్టి దాచుకున్న మనిషితో, తండ్రి పరువు కోసం అబద్ధమాడింది. శివప్రసాద్ చేలగట్టు మీద ఆగిపోయాడు. ఇంత బతుకు బతికి కూతురికి ఇచ్చింది ఇదా అనిపించింది.

"మల్ల కలుపు. నేనే చెప్త."

"వద్దు బాపూ."

"కలుపు బిడ్డా."

కలిపింది. అవతల గలీనా ఎత్తింది. ఎవరూ చూడటం లేదని తెలిసి కూడా శివప్రసాద్ రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, నేను వినీత నాయినను. ఆ పిల్లగాణ్ని పంపింది నేనే" అన్నాడు. వినీత తలొంచుకుని ఆ మాటను ఆ భాషలో చెప్పింది. అవతలినుంచి ఒక చిన్న ప్రశ్న వచ్చింది.

"మా దేశం, ఆ దేశం వేరని తెల్వదా, ఏమని చెప్పి పంపినవని అడుగుతుంది బాపూ."

శివప్రసాద్ చుట్టూ ఉన్న చేలను ఒకసారి చూశాడు. ఆసరాకు ఎవరూ లేరు.

"అంత ఒక్కటేనని చెప్పిన" అన్నాడు.

వినీత ఆయన ముఖంలోకి చూసింది. ఆ మాటను ఉన్నదున్నట్టు ఆవిడకు చెప్పింది. అవతల గలీనా ఫోను పెట్టేసింది.